లక్ష మంది రైతులు వద్దనుకుంటే: జేమీటర్‌కు సొంత సెటప్ ప్లగిన్ రాసే పద్ధతి

మే నెలలో ఒక మధ్యాహ్నం, కర్నూలు ఎండకు ఆఫీసులో ఏసీ కూడా చేతులెత్తేసిన వేళ, నేను ఒక డేటాబేస్‌లో లక్ష మంది రైతులను పుట్టించాను. నాకు కావలసింది 500 మంది. మిగతా 99,500 మంది నా తెలివితక్కువతనం.

పరీక్షిస్తున్నది చిన్న అప్లికేషన్. ఉల్లి బస్తాలతో మార్కెట్‌కు వచ్చే రైతు ముందురోజే ఫోనులో గేటు చీటీ తీసుకుంటాడు, చీటీ మీద ఉన్న వేళకు బండి లోపలికి వెళ్తుంది. పంట దిగే రోజుల్లో కోడుమూరు, పత్తికొండ, ఆలూరు వైపు నుంచి బండ్లన్నీ ఒకేసారి కదులుతాయి కాబట్టి చీటీలు కూడా అందరూ ఒకేసారి అడుగుతారు. అలా 200 మంది అడిగితే సర్వర్ తట్టుకుంటుందా అన్నదే మేము తేల్చుకోవలసిన విషయం. దానికి ముందు 500 రైతు ఖాతాలు సృష్టించాలి, ఒక్కో ఖాతాకు లాగిన్ టోకెన్ తెచ్చి పెట్టుకోవాలి. సర్వర్ మీద కృత్రిమ వాడుకరుల లోడ్ పెట్టి పరీక్షించే పనిముట్టు జేమీటర్. ఆ పని కోసం దానికి అదనంగా చేర్చే ముక్క, అంటే ఒక ప్లగిన్ రాశాను. అందులో ‘సెటప్‌టెస్ట్’ అనే మెథడ్ కనిపించింది. పేరులోనే సెటప్ ఉంది కదా అని ఖాతాలు సృష్టించే కోడ్ మొత్తం దానిలో పెట్టాను. 200 థ్రెడ్లతో, అంటే 200 మంది కృత్రిమ వాడుకరులతో, నడిపి టీకి వెళ్లాను. ఆ మెథడ్ టెస్టుకు ఒకసారి కాదు, థ్రెడ్‌కు ఒకసారి నడుస్తుంది. 200 సార్లు 500. లెక్క సరిపోయింది.

సెటప్ రాసేటప్పుడు ప్రతి వరుస దగ్గరా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది ఎన్నిసార్లు నడుస్తుంది? టెస్టుకు ఒకసారా, థ్రెడ్‌కు ఒకసారా, యంత్రానికి ఒకసారా? ఈ మార్గదర్శి అంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ మెథడ్ల పేర్లు, క్లాసుల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. కోడ్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా, రెండో మాట నుంచి ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదిగా రాయాలి. క్లాసు పేరుకైతే మొదటి మాటకూ పెద్దక్షరమే. మెథడ్ల పేర్లలో సెటప్, టియర్‌డౌన్ ఒక్కొక్కటి ఒకే మాటగా లెక్క. జావాతో కొంచెం పరిచయం ఉంటే చాలు.

అసలు ప్లగిన్ అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి. సెటప్ పని ముప్ఫై నలభై వరుసలలో అయిపోతే ప్లగిన్ వద్దు. సెటప్ థ్రెడ్ గ్రూపులో (అసలు టెస్టుకు ముందు నడిచే థ్రెడ్ల గుంపు) ఒక జేఎస్ఆర్223 శాంప్లర్ (స్క్రిప్టును నడిపే ఎలిమెంట్) పెట్టి, గ్రూవీ భాషలో రాసి ముగించండి. నేను ఇప్పటికీ సగం టెస్టులకు అదే చేస్తాను. ప్లగిన్ అవసరమయ్యేది మూడు సందర్భాలలో. ఒకే సెటప్‌ను నాలుగైదు టెస్ట్ ప్లాన్లు (టెస్టులో ఏమేం నడవాలో చెప్పే ఫైళ్లు) వాడుకుంటున్నప్పుడు, బయటి లైబ్రరీలు కావలసి వచ్చినప్పుడు, సెటప్ కోడ్‌కే విడిగా పరీక్షలు రాయాలన్నంత పెద్దదైనప్పుడు. టెస్ట్ ప్లాన్ ఫైలు లోపల 300 వరుసల గ్రూవీని ఎవరూ సరిగా చదవరు, సరిదిద్దరు. అంతవరకు వస్తే జావాకు మారండి.

జేమీటర్‌లో సెటప్ ప్లగిన్ రాయడానికి రెండు దారులున్నాయి. జావా రిక్వెస్ట్ శాంప్లర్ కోసం ఒక క్లాసు రాసి, దాన్ని సెటప్ థ్రెడ్ గ్రూపులో పెట్టడం మొదటిది. ఇందులో తెర కోసం ఒక్క వరుస కోడ్ కూడా రాయనక్కరలేదు. సొంత కాన్ఫిగ్ ఎలిమెంట్ తయారు చేసి, టెస్ట్ మొదలైన క్షణం దానికి కబురు అందేలా చేయడం రెండోది. ఎక్కువ మందికి మొదటిదే సరిపోతుంది కాబట్టి దాన్నే విడమరిచి చెబుతాను.

మొదటి మెట్టు: ప్రాజెక్టు

మావెన్ ప్రాజెక్టు ఒకటి మొదలుపెట్టి, జేమీటర్ కోర్, జేమీటర్ జావా అనే రెండు డిపెండెన్సీలు చేర్చండి. మీ యంత్రంలో ఉన్న జేమీటర్ వెర్షన్ ఏదో, ఇక్కడ రాసే వెర్షన్ కూడా అదే కావాలి. రెండింటికీ స్కోప్ ‘ప్రొవైడెడ్’ అని పెట్టడం మరిచిపోవద్దు. పెట్టకపోతే, అన్నీ కలిపి పెద్ద జార్ కట్టినప్పుడు జేమీటర్ సొంత క్లాసులు కూడా మీ జార్‌లోకి దూరతాయి. ఒకే క్లాసుకు రెండు ప్రతులు తయారై, ఏది లోడ్ అవుతుందో తెలియని తప్పులు మొదలవుతాయి. వాటిని వెతకడం కన్నా కొండారెడ్డి బురుజు సొరంగం ఎక్కడికి పోతుందో వెతకడం సులువు.

జావా వెర్షన్ దగ్గర కూడా జాగ్రత్త. జేమీటర్ 5.6 జావా 8 మీద కూడా నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో జావా 17 ఉండి, లోడ్ పుట్టించే సర్వర్‌లో 8 ఉంటే, 17 కోసం కంపైల్ చేసిన జార్ అక్కడ తెరుచుకోదు. అన్నిటికన్నా పాత యంత్రంలో ఏముందో కనుక్కుని దానికే కంపైల్ చేయండి.

రెండో మెట్టు: క్లాసు

‘అబ్‌స్ట్రాక్ట్‌జావాశాంప్లర్‌క్లయింట్’ అనే క్లాసును ఆధారంగా తీసుకుని మీ క్లాసు రాయండి. అందులో మీకు పనికొచ్చే మెథడ్లు నాలుగు.

‘గెట్‌డిఫాల్ట్‌పారామీటర్స్’ తెర మీద కనిపించే పట్టికను ఇస్తుంది. సర్వర్ చిరునామా, ఖాతాల సంఖ్య, ఫలితాల ఫైలు పేరు వంటివి ఇక్కడ చేర్చండి. టెస్ట్ ప్లాన్ రాసేవారు కోడ్ తెరవకుండా వీటినే మారుస్తారు.

‘సెటప్‌టెస్ట్’ గురించి ఇప్పటికే చెప్పాను. థ్రెడ్‌కు ఒకసారి, ఆ థ్రెడ్ మొదటి శాంపిల్‌కు ముందు నడుస్తుంది. ఆ థ్రెడ్‌కు సొంతమైన కనెక్షన్ తెరవడం వంటి పనికి తప్ప దేనికీ వాడకండి. ‘టియర్‌డౌన్‌టెస్ట్’ దీనికి జత అనిపిస్తుంది కానీ, అది థ్రెడ్ ముగిసినప్పుడు కాక టెస్ట్ మొత్తం ముగిశాక నడుస్తుంది.

అసలు పని ‘రన్‌టెస్ట్’ది. ఖాతాల సృష్టి ఇక్కడే జరగాలి. ఈ శాంప్లర్‌ను సెటప్ థ్రెడ్ గ్రూపులో పెట్టి, థ్రెడ్ల సంఖ్య 1, లూప్ సంఖ్య 1 అని ఇవ్వాలి. అప్పుడే ‘ఒకసారి’ అన్నది నిజమవుతుంది. మామూలు థ్రెడ్ గ్రూపులు మొదలయ్యే ముందే సెటప్ గ్రూపు పూర్తవుతుందని జేమీటర్ హామీ ఇస్తుంది. సెటప్ గ్రూపులు రెండు పెడితే మాత్రం, మీరు వరుసగా నడపమని చెప్పకపోతే, ఆ రెండూ కలిసి మొదలవుతాయి. ఒకదాని మీద ఒకటి ఆధారపడే పనులైతే రెంటినీ ఒకే గ్రూపులో ఒకదాని కింద ఒకటి పెట్టడం మేలు.

‘రన్‌టెస్ట్’ లోపల పని ఈ వరుసలో సాగాలి. ఫలితం కోసం ఒక ‘శాంపిల్‌రిజల్ట్’ తయారు చేసి ‘శాంపిల్‌స్టార్ట్’ పిలవండి. పారామీటర్లు చదివి సరిచూడండి. ఖాతాల సంఖ్య అంకె కాకపోతే, సున్నా కన్నా తక్కువైతే, అక్కడే ఆగి ఏది తప్పో మాటల్లో చెప్పండి. తర్వాత పాత ఖాతాలు తుడవండి, కొత్తవి సృష్టించండి, టోకెన్లు తెచ్చి ఫైలులో రాయండి. చివర ‘శాంపిల్‌ఎండ్’. ఈ మొత్తాన్నీ ఒక ట్రై బ్లాకులో చుట్టి, ఏ తప్పు వచ్చినా ‘సెట్‌సక్సెస్‌ఫుల్’కు ఫాల్స్ అని ఇచ్చి, కారణాన్ని రెస్పాన్స్ మెసేజ్‌లోనూ లాగ్‌లోనూ రాయండి.

మూడో మెట్టు: నిన్నటి విస్తరాకులు

పాత ఖాతాలను ముందే తుడవమన్నాను. చివర తుడిస్తే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. పెళ్లి భోజనంలో మొదటి బంతి లేచాక విస్తరాకులు తీసేవాళ్లు ఉంటారని నమ్మి రెండో బంతిని కూర్చోబెట్టరు కదా, ముందు చూసుకునే కూర్చోబెడతారు.

జేమీటర్‌లో శుభ్రం చేయడానికి టియర్‌డౌన్ థ్రెడ్ గ్రూపు ఉంది. మర్యాదగా ఆపినప్పుడు కూడా అది నడవాలంటే టెస్ట్ ప్లాన్‌లో దానికొక గడి ఉంది, టిక్ పెట్టండి. అయినా ఎవరైనా బలవంతంగా ఆపితే అది నడవదు. కరెంటు పోయినా నడవదు, వేసవిలో మా వైపు అది మామూలే. కాబట్టి చివర తుడవడం అదనపు జాగ్రత్త, మొదట తుడవడమే అసలు జాగ్రత్త. మీ ఖాతాలన్నిటి పేర్ల మొదట్లో ఒకే ముందుమాట తగిలించండి, ఉదాహరణకు ‘పరీక్ష’ అని. ఆ మాటతో మొదలయ్యేవాటిని తుడిచి కొత్తవి పెట్టండి. రెండుసార్లు నడిపినా పదిసార్లు నడిపినా మిగిలేది 500 మందే.

తుడిచే కోడ్ రాసిన చేత్తోనే ఇంకొక తాళం కూడా వేయండి. సర్వర్ చిరునామా మీరు అనుమతించిన జాబితాలో లేకపోతే ప్లగిన్ ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, నిజమైన రైతులున్న సర్వర్ చిరునామాను ఆ పట్టికలో అతికిస్తారు. ఇది పది వరుసల కోడ్. బద్ధకించవద్దు.

నాలుగో మెట్టు: సెటప్ తెచ్చినదాన్ని అసలు టెస్టుకు చేర్చడం

కొత్తవారు ఎక్కువగా తట్టుకుని పడేది ఇక్కడే. సెటప్ గ్రూపులో ఒక వేరియబుల్‌కు టోకెన్ ఇచ్చి, అసలు గ్రూపులో దాన్ని పిలుస్తారు. అక్కడ ఏమీ ఉండదు. జేమీటర్‌లో వేరియబుల్ థ్రెడ్‌కు సొంతం, సెటప్ థ్రెడ్ పోయినప్పుడే అదీ పోతుంది. ప్రాపర్టీ అలా కాదు, ఆ జావా ప్రక్రియ మొత్తానికీ ఒకటే. అందుకే ఒకటి రెండు విలువలైతే ‘జేమీటర్‌యుటిల్స్’లోని ‘సెట్‌ప్రాపర్టీ’తో పెట్టి, అసలు గ్రూపులో ‘పి’ ఫంక్షన్‌తో చదవండి.

500 టోకెన్లను 500 ప్రాపర్టీలుగా పెట్టవచ్చు, పెట్టిన వారినీ చూశాను. సీఎస్వీ ఫైలు మంచిది. సెటప్ ఫైలు రాస్తుంది, అసలు గ్రూపులో సీఎస్వీ డేటా సెట్ కాన్ఫిగ్ చదువుతుంది. అయితే దీనిలో మూడు గుంతలున్నాయి, మూడింటిలోనూ పడ్డాను.

మొదటిది, దాన్ని పెట్టే చోటు. సీఎస్వీ ఎలిమెంట్‌ను టెస్ట్ ప్లాన్ పైమట్టంలో పెడితే అది అన్ని గ్రూపులకూ వర్తిస్తుంది, సెటప్ గ్రూపుకు కూడా. అంటే ఫైలును సృష్టించవలసిన థ్రెడ్డే, సృష్టించక ముందే, దాన్ని తెరవబోతుంది. ఫైలు లేదన్న తప్పుతో కథ ముగుస్తుంది. నిన్నటి ఫైలు అక్కడే పడి ఉంటే ఇంకా ఘోరం, తప్పేదీ రాకుండా పాత టోకెన్లతో టెస్ట్ నడుస్తుంది. ఆ ఎలిమెంట్ అసలు థ్రెడ్ గ్రూపు లోపల ఉండాలి.

ఫైలు దారి రెండో గుంత. సీఎస్వీ ఎలిమెంట్ ఉత్త ఫైలు పేరు ఇస్తే టెస్ట్ ప్లాన్ ఉన్న ఫోల్డరులో వెతుకుతుంది. మీ జావా కోడ్ అదే పేరు ఇస్తే జేమీటర్‌ను ఏ ఫోల్డరు నుంచి మొదలుపెట్టారో అక్కడ రాస్తుంది. రాసేది ఒకచోట, వెతికేది మరొకచోట. కోడ్‌లో ‘ఫైల్‌సర్వర్’ క్లాసును అడిగి బేస్ డైరెక్టరీ తెచ్చుకుని, దానికి ఫైలు పేరు కలపండి.

మూడోది తెలుగువాళ్లకే ఎక్కువగా ఎదురయ్యేది. నా ఖాతాలలో ఊరి పేరు తెలుగులో ఉండేది. లినక్స్‌లో అంతా బాగుంది. ఒక విండోస్ యంత్రంలో ‘కోడుమూరు’ కాస్తా వరుసగా ప్రశ్నార్థకాలు అయిపోయింది. ‘ఎమ్మిగనూరు’దీ అదే గతి. కారణం, ఫైలు రాసేటప్పుడు నేను ఎన్‌కోడింగ్ చెప్పలేదు. జావా 18 నుంచి యూటీఎఫ్-8 దానంతట అదే వస్తుంది. అంతకు ముందు వెర్షన్లలో ఆ యంత్రం అలవాటు ఏదైతే అది వస్తుంది. రాసే కోడ్‌లో యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వండి, సీఎస్వీ ఎలిమెంట్‌లో కూడా ఎన్‌కోడింగ్ గడిలో అదే నింపండి.

ఐదో మెట్టు: పడిపోతే కేకలు వేయాలి

సెటప్ విఫలమైనా అసలు టెస్ట్ నడిచిపోవడం కన్నా చెడ్డది లేదు. ఖాతాలు లేవు, టోకెన్లు లేవు, 200 థ్రెడ్లూ సర్వర్‌ను తట్టి ‘నువ్వెవరు’ అనిపించుకుని వెనక్కి వస్తాయి. తిరస్కరించడం చాలా వేగంగా జరిగే పని. నివేదికలో సగటు సమయం అద్భుతంగా కనిపిస్తుంది. తప్పుల శాతం చూడకుండా ఆ సగటును మేనేజరుకు పంపినవారు కూడా ఉన్నారు.

సెటప్ థ్రెడ్ గ్రూపు ఎంపికలలో, శాంప్లర్ తప్పు వస్తే ఏమి చేయాలన్న చోట మామూలుగా ‘కంటిన్యూ’ అని ఉంటుంది. దాన్ని ‘స్టాప్ టెస్ట్’కు మార్చండి. మార్చడం మరిచిపోయేవారి కోసం, కోడ్‌లో కూడా విఫలమైన ఫలితం మీద ‘సెట్‌స్టాప్‌టెస్ట్’ పిలవవచ్చు. నేను రెండూ చేస్తాను.

సెటప్ శాంపిల్ నివేదికలో కలవడం కొందరికి నచ్చదు. ఖాతాల సృష్టికి పట్టిన 40 సెకన్లు కూడా సగటులో చేరతాయి. ‘సెట్‌ఇగ్నోర్’ పిలిస్తే ఆ ఫలితాన్ని లిజనర్లు (ఫలితాలు సేకరించే ఎలిమెంట్లు) పట్టించుకోవు. అయితే విజయం వచ్చినప్పుడు మాత్రమే పిలవండి. విఫలమైనదాన్ని దాచితే, పైన పెట్టిన కాపలా అంతా వృథా అవుతుంది.

ఆరో మెట్టు: జార్ చేర్చడం, నడపడం

కట్టిన జార్‌ను జేమీటర్ ఫోల్డరులో లిబ్ కింద ఉన్న ఎక్స్‌ట్ ఫోల్డరులో పెట్టండి. మీ ప్లగిన్‌కు కావలసిన ఇతర లైబ్రరీలు ఎక్స్‌ట్‌లో కాక లిబ్‌లోనే ఉండాలి. జేమీటర్‌ను మూసి మళ్లీ తెరవండి. నడుస్తున్న జేమీటర్ కొత్త జార్‌ను చూడదు. జావా రిక్వెస్ట్ శాంప్లర్ చేర్చి క్లాసుల జాబితా తెరిస్తే మీ క్లాసు కనిపించాలి. కనిపించకపోతే జేమీటర్ లాగ్ చదవండి. క్లాసు పబ్లిక్‌గా లేకపోవడమో, ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ లేకపోవడమో, జావా వెర్షన్ గొడవో, సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి.

తెర ఉన్న జేమీటర్ ప్లాన్ రాయడానికి మాత్రమే. లోడ్ పెట్టేటప్పుడు కమాండ్ లైన్ నుంచి తెర లేకుండా నడపండి.

కోడ్‌కు యూనిట్ పరీక్షలు రాయాలనుకుంటే, ఖాతాలు సృష్టించే పనిని జేమీటర్ ఊసే లేని వేరే క్లాసులో పెట్టండి. జేమీటర్ బయట ‘సెట్‌ప్రాపర్టీ’ పిలిస్తే, ప్రాపర్టీలు లోడ్ కాలేదు కాబట్టి నల్ పాయింటర్ తప్పు వస్తుంది. శాంప్లర్ క్లాసు పారామీటర్లు చదివి పని అప్పగించే గుమాస్తా మాత్రమే కావాలి.

పలు యంత్రాలతో నడిపితే

ఒక్క యంత్రం చాలక మూడు యంత్రాలతో లోడ్ పెట్టారనుకోండి. ప్రతి యంత్రమూ మొత్తం ప్లాన్‌ను నడుపుతుంది, సెటప్ గ్రూపుతో సహా. థ్రెడ్లు 1 అన్నా, అది యంత్రానికి 1. మూడు సెటప్‌లు ఒకదాని ఖాతాలను మరొకటి తుడుచుకుంటూ పోటీపడతాయి. పైగా ప్రాపర్టీలు కూడా ఏ యంత్రానివి ఆ యంత్రంలోనే ఉంటాయి.

ఒక్కో యంత్రాన్ని మొదలుపెట్టేటప్పుడు జె ఎంపికతో దానికొక సంఖ్య ఇచ్చి, ఖాతాల ముందుమాటలో ఆ సంఖ్య కలపడం ఒక పరిష్కారం. అప్పుడు ఎవరి ఖాతాలు వారివే. నాకు నచ్చేది ఇంకా సూటి దారి: సెటప్‌ను వేరే చిన్న ప్లాన్‌గా విడదీసి, ఒక యంత్రంలో ముందే నడిపి, ఫైలును మూడు ముక్కలు చేసి మూడు యంత్రాలకూ పంచడం.

రెండో దారి గురించి నాలుగు మాటలు

టెస్ట్ ప్లాన్ రాసేవారు సెటప్ గ్రూపును పెట్టడం మరిచిపోతున్నారు, ఒక ఎలిమెంట్‌ను లాగి వదిలితే చాలనిపించాలి అంటే, ‘కాన్ఫిగ్‌టెస్ట్‌ఎలిమెంట్’ను ఆధారంగా తీసుకుని, ‘టెస్ట్‌బీన్’, ‘టెస్ట్‌స్టేట్‌లిజనర్’ ఇంటర్‌ఫేస్‌లను అమలు చేయండి. క్లాసు పేరుకు ‘బీన్‌ఇన్ఫో’ తగిలించిన తోడు క్లాసు తెర మీది గడులను వర్ణిస్తుంది. టెస్ట్ మొదలైనప్పుడు ‘టెస్ట్‌స్టార్టెడ్’ పిలుపు వస్తుంది. పలు యంత్రాల టెస్టులో అదే మెథడ్ యంత్రం పేరుతో వస్తుంది, రెండూ రాయాలి.

దీనిలో ఒక మాయ ఉంది. జేమీటర్ ప్రతి థ్రెడ్‌కూ ఎలిమెంట్ నకలు తీస్తుంది. నకలులోకి ఎలిమెంట్ ప్రాపర్టీలు వస్తాయి, మీరు క్లాసులో పెట్టుకున్న మామూలు ఫీల్డులు రావు. ‘టెస్ట్‌స్టార్టెడ్’లో ఫీల్డులో దాచిన టోకెన్ల జాబితా థ్రెడ్‌లో చూస్తే ఖాళీగా ఉంటుంది. ‘నోథ్రెడ్‌క్లోన్’ అనే ఇంటర్‌ఫేస్ చేర్చితే నకలు తీయదు. అప్పుడు ఆ ఒక్క వస్తువును 200 థ్రెడ్లూ పంచుకుంటాయి కాబట్టి, తాళాల (లాక్‌ల) సంగతి మీరే చూసుకోవాలి.

కే6 అనే మరో లోడ్ పరీక్ష పనిముట్టు వాడేవారికి సెటప్ అనే ఫంక్షన్ టెస్టుకు ఒకసారే నడుస్తుంది, అది తిరిగి ఇచ్చిన విలువ ప్రతి కృత్రిమ వాడుకరికీ నకలుగా అందుతుంది. అలాంటిదే ఇంకొకటైన లోకస్ట్‌లో ‘ఆన్ స్టార్ట్’ వాడుకరికి ఒకసారి, ‘టెస్ట్ స్టార్ట్’ ఈవెంట్ ప్రక్రియకు ఒకసారి. పనిముట్టు మారినా అడగవలసిన ప్రశ్న మారదు.

పని అయిందో లేదో చూడటం

ఒక్కసారి నడిపి పచ్చగుర్తు చూసి సంతోషించవద్దు. ఒకసారి నడపండి, డేటాబేస్‌లో ‘పరీక్ష’ ఖాతాలు లెక్కపెట్టండి. వెంటనే మళ్లీ నడిపి మళ్లీ లెక్కపెట్టండి. మూడోసారి సగంలో బలవంతంగా ఆపి, నాలుగోసారి చివరిదాకా నడిపి లెక్కపెట్టండి. ఐదోసారి సర్వర్ చిరునామాలో కావాలనే ఒక అక్షరం తప్పు రాసి, అసలు గ్రూపులో ఒక్క థ్రెడ్ కూడా కదలకుండా టెస్ట్ ఆగిందో లేదో, తప్పు చిరునామా లాగ్‌లో కనిపించిందో లేదో చూడండి.

లెక్కపెట్టిన మూడుసార్లూ 500 రావాలి. 1000 వస్తే మూడో మెట్టులో తుడవడం తప్పింది. లక్ష వస్తే కోడ్ ఏ మెథడ్‌లో ఉందో చూడండి.